పాటిమట్టిలో దొరికిన ఉలవలు

గండికోట అనగానే మనకేం గుర్తొస్తుంది? పెన్నా లోయ అంచున ఒక సెల్ఫీ, కోట గోడలు, మాధవరాయస్వామి గుడి. నేనూ మొదటిసారి అందుకే పోయినా. కానీ ఈరోజు చెప్పేది కోట కథ కాదు. కోటకు వెయ్యేళ్ళు కూడా లేవు. మన కథ దానికంటే చాలా పాతది.

జమ్మలమడుగు నుంచి ఉత్తరంగా పోతే, కుందూ తీరంలో పెద్దముడియం వస్తుంది. నంద్యాల వైపు నుంచి వచ్చే ఈ కుందూ, కమలాపురం దగ్గర పెన్నాలో కలుస్తుంది. చుట్టూ నల్లరేగడి. ఈ మైదానంలో కొత్తరాతియుగం ఊళ్ళ మీద పి.సి. వెంకటసుబ్బయ్య, రవి కొరిశెట్టర్, డోరియన్ ఫుల్లర్ పనిచేశారు. వాళ్ళు వెతికింది బంగారం కాదు, మాడిపోయిన గింజలు!

మామూలు గింజ మట్టిలో కుళ్ళిపోతుంది. పొయ్యిలో పడి బొగ్గైన గింజ మాత్రం వేల ఏళ్ళు ఉంటుంది. తవ్విన మట్టిని నీళ్ళలో కలిపితే బొగ్గు పైకి తేలుతుంది, దాన్ని సన్న జల్లెడతో పట్టి మైక్రోస్కోపు కింద చూస్తారు. అలా దక్షిణాది పాత ఊళ్ళలో ఎక్కువగా బయటపడ్డవి ఏంటో తెలుసా? ఉలవలు, పెసలు, అండుకొర్రలు. అంటే మూడున్నర వేల ఏళ్ళ కిందటే ఇక్కడోళ్ళు ఉలవలు తిన్నారన్నమాట!

మరి అప్పుడు వానలు ఎట్లుండేవి? దీనికి జవాబు సముద్రం అడుగున ఉంది. ఆకుల మీది మైనపు పూత నదిలో కొట్టుకుపోయి, సముద్రంలో పొరలు పొరలుగా పేరుకుంటుంది. గోదావరి కలిసేచోట బంగాళాఖాతంలో తీసిన అలాంటి బురదను పరీక్షించి 2012లో ఒక పరిశోధన వచ్చింది. సుమారు 4,000 ఏళ్ళ కిందటి నుంచి మధ్య, దక్షిణ భారతంలో కరువును తట్టుకునే మొక్కలు పెరుగుతూ పోయాయని అందులో తేలింది. వాన తగ్గినందుకే సేద్యం మొదలైందని ఖాయంగా చెప్పలేం. కానీ ఆ జనం ఎంచుకున్న పంటలు చూడండి, అన్నీ కొద్దిపాటి వానకే పండేవి.

ఇప్పుడు అసలు బాధ. పాత ఊరి దిబ్బను మనం పాటిదిబ్బ అంటాం. ఆ మట్టి మంచి ఎరువని ట్రాక్టర్లలో పొలాలకు తోలుకుంటారు. రైతును తప్పుపట్టలేం, తాతల నాటి నుంచి ఉన్న అలవాటే అది. కానీ ఒక్కో ట్రాక్టరుతో కొన్ని వందల ఏళ్ళ పొరలు కలగాపులగం అయిపోతాయి. ఏ గింజ ఏ కాలానిదో ఇక ఎవరూ చెప్పలేరు. ఇంకోపక్క గండికోట రిజర్వాయర్ నిండి తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళే నీళ్ళ కింద పోయాయి. సీమకు నీళ్ళు కావాల్సిందే, కాదనను. అయితే మునిగిన గట్టును మళ్ళీ తవ్వి చూడలేం కదా.

అందుకే మీ ఊరి దిబ్బలో బూడిద మట్టి, పాత పెంకులు, నున్నటి రాతి గొడ్డలి కనిపిస్తే కదిలించకండి. ఉన్నచోటే ఫోటో తీసి, పురావస్తు శాఖకు చెప్పండి. కరువు మనకు కొత్త కాదు. దాన్ని తట్టుకున్నోళ్ళ లెక్కల పుస్తకం ఆ దిబ్బే.