ఆళ్వారుస్వామి రచనల్లో పోరాటానికి ముందరి తెలంగాణ

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం (1946–51) గురించిన సాహిత్యంలో దళాలూ దాడులూ విరివిగానే కనిపిస్తాయి గాని, నాగలి పట్టిన చేయి తుపాకి పట్టడానికి దారితీసిన బతుకును ఓపికగా చిత్రించిన నవలాకారుల్లో వట్టికోట ఆళ్వారుస్వామి (1915–61) ముఖ్యులు.

నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి మాదారంలో పుట్టిన ఆయన, వంటపనీ హోటలు పనీ చేసుకుంటూనే చదువు నేర్చి, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్ది, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించారు. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి ఉండి తీరాలన్న గస్తీ నిషాన్ తిర్పన్, అంటే యాభైమూడో నంబరు ఉత్తర్వు, నోళ్లు నొక్కుతున్న నిజాం రాజ్యంలో పుస్తకాల మూట మోసుకుని ఊరూరా తిరిగి అమ్మడమే ఒక రాజకీయ కార్యం. ఆయన నడిపిన 'గుమాస్తా' పత్రికనూ ఈ కృషిలో భాగంగానే చూడాలి.

1955లో వెలువడిన 'ప్రజల మనిషి' నవల 1930ల నాటి దిమ్మెగూడెం అనే కల్పిత గ్రామంలో నడుస్తుంది. గడీ, అంటే కోటలాంటి దొర నివాసం, అక్కడ న్యాయస్థానమూ చెరసాలా తానే అయి ఊరిని ఏలుతుంది. కూలి లేకుండా చేయించుకునే వెట్టి చాకలిని, కుమ్మరిని, మాదిగను తరతరాలుగా కట్టిపడేస్తుంది. దొర రామభూపాలరావును ఎదిరించే కంఠీరవం చేతిలో ఆయుధం ఉండదు, ప్రశ్న ఉంటుంది. ఆ ప్రశ్నే నిజాం రాజ్యంలోని తెలుగువారి ప్రజాసంస్థ అయిన ఆంధ్రమహాసభ ద్వారా సంఘంగా కూడి, 1946 జులై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు బలైన తరువాత గుతపలనే దుడ్డుకర్రలు, రాళ్లు రువ్వే వడిసెలల మీదుగా తుపాకి దాకా నడిచింది.

పోరాట కాలంలో ఖైదు అనుభవించిన ఆళ్వారుస్వామి ఆ అనుభవాన్ని 'జైలు లోపల' కథల్లో నిలిపారు. 1940 తరువాతి కాలాన్ని చిత్రించే 'గంగు' ఆయన మరణానంతరం వెలువడింది. సాయుధ ఘట్టం దాకా సాగవలసిన ఆ నవలా పరంపర ఆగిపోగా, దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', 'మోదుగు పూలు', 'జనపదం' నవలలతో ఆ బాధ్యతను తలకెత్తుకున్నారు.

అబుదాబి ఐకాడ్ వంటి పారిశ్రామిక వాడల్లో చెమటోడుస్తున్న తెలంగాణ బిడ్డలకు ఈ రచనలు తాతల నాటి శ్రమ చరిత్ర. కూలి అడగడం నేరమైన కాలం ఒకటి ఉండేదనీ, ఆ కాలాన్ని మార్చింది తమలాంటి శ్రామికులేననీ అవి సాక్ష్యం చెబుతాయి.