ఒకే వాకిటి సూక్ష్మజీవులు

మనుష్యుడు మచ్చిక చేసికొన్న జంతువులలో కుక్కయే మొదటిది. గొర్రెయు, ఆవును, గుఱ్ఱమును మన పంచకు చేరుటకు వేలయేండ్లకు పూర్వమే అది వేటగాని వెంట నడచినది. తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమున అడుగు పెట్టనని ధర్మరాజు నిలిచిపోయిన కథ తెలియని ఇల్లు మన దేశమున లేదు. ఇంత దీర్ఘమైన సహవాసమున ఈ రెండు ప్రాణులు పరస్పరము ఏమేమి ఇచ్చిపుచ్చుకొన్నవి? అన్నము, కావలి, విశ్వాసము - ఇవి కంటికి కనబడునవి. కంటికి కనబడని ఇచ్చిపుచ్చుకోలు ఇంకొకటి కలదు. ఔషధములకు లొంగని సూక్ష్మజీవులు కుక్కనుండి యజమానికి, యజమానినుండి కుక్కకు దాటుచున్న వృత్తాంతమే అది. దాని చరిత్రను సంగ్రహముగా శ్రోతల ముందుంచుట మా ఉద్దేశము.

నెల్లూరు జిల్లా పడమటి అంచున, ఒకప్పటి ఆత్మకూరు, ఉదయగిరి తాలూకాల సీమలో మర్రిపాడు ఉన్నది. అది మెట్టప్రాంతము. తూర్పున పెన్నా కాలువల క్రింద వరి పండును. పడమట వెలిగొండలవైపు పోయినకొలది మందలు కనబడును. నెల్లూరు గొర్రె దేశమున పేరుపొందిన జాతి. జోడిపి, పల్ల, డోర అని దానిలో మూడు తెగలు కలవు. మంద ఉన్నచోట కాపరి, కాపరి ఉన్నచోట కుక్క. పగలు మంద వెంట తిరిగి, రాత్రి దొడ్డివాకిట పడుకొని, ఇంటిల్లిపాది తినగా మిగిలిన సంగటిముద్ద తిని, పిల్లల చేతులు నాకుచు పెరుగు ఆ కుక్క ఇంటి మనిషివంటిదే. పట్టణములందైన కావలికుక్క స్థానమున బొచ్చుకుక్కపిల్ల సోఫాపై కూర్చుండును. సాన్నిహిత్యము మాత్రము రెండు చోట్లను ఒక్కటే.

కుక్కవలన మనుష్యునికి రోగము రాగలదని పూర్వులకు తెలియకపోలేదు. పిచ్చికుక్క కాటు ఎంత భయంకరమో ప్రతి గ్రామమునకును తెలియును. 1885లో పారిస్ నగరమున లూయీ పాశ్చర్ ఆ కాటునకు టీకా వేసి ఒక బాలుని కాపాడెను. దక్షిణదేశమున ఈ చికిత్సకై 1907లో కూనూరునందు పాశ్చర్ సంస్థ వెలసినది. అయితే ఆ రోగపు నడక స్పష్టము. కుక్క కఱచును, గాయము కనబడును, దోషి యెవరో తెలియును. మేము చెప్పబోవు కథలో కాటు లేదు, గాయము లేదు. పెక్కుసార్లు రోగమే కనబడదు. దోషి కుక్కయా, మనిషియా అని తేల్చుటకు చాలకాలము పట్టినది.

ఈ కథకు మూలము మన కాలపు మహోపకారములలో ఒకటైన ఔషధము. 1928లో లండనునందు అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెనిసిలిన్ ఉనికిని కనుగొనెను. అది రోగులకు విరివిగా అందుటకు రెండవ ప్రపంచయుద్ధము రావలసివచ్చినది. ఆ పిమ్మట వచ్చిన ఔషధములలో ఒకదానితో తెలుగువారి పేరు ముడివడియున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసున వైద్యము చదివి, అమెరికా చేరి, హార్వర్డునందు పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ సంస్థలో ప్రవేశించెను. ఆయన పరిశోధనాధిపతిగా ఉండగా బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరీ రాష్ట్రపు పొలముమట్టినుండి ఒక సూక్ష్మజీవిని వేఱుచేసి, దానినుండి అరియోమైసిన్ అను బంగారువన్నె ఔషధమును సాధించెను. 1948లో అది లోకమునకు ప్రకటితమైనది. ఆ సంవత్సరపు ఆగస్టుమాసముననే సుబ్బారావు కన్నుమూసెను. నేడు వాడుకలోనున్న టెట్రాసైక్లిన్ కుటుంబమునకు మొదటి బిడ్డ ఆ అరియోమైసినే.

ఆ ప్రయోగశాలలోనే కథ మఱొక మలుపు తిరిగినది. ఔషధము తీయగా మిగిలిన పిప్పిని మేతలో కలిపి కోడిపిల్లలకు పెట్టగా అవి త్వరగా బరువెక్కినవి. థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అను శాస్త్రజ్ఞులు దీనిని గమనించి 1950 ప్రాంతమున వెల్లడించిరి. మనుష్యుని ప్రాణము నిలుపుటకై పుట్టిన మందు ఆనాటినుండి పశువుల తొట్టిలో దినసరి దినుసైనది. రోగము లేని ప్రాణికి మందు పెట్టుట అక్కడ మొదలైనది.

అంతకు పూర్వమే హెచ్చరిక లేకపోలేదు. 1945లో నోబెల్ బహుమానము అందుకొనుచు ఫ్లెమింగే దానిని పలికియుండెను. చాలీచాలని మోతాదులో పెనిసిలిన్ వాడినచో సూక్ష్మజీవులు దానికి అలవాటుపడి మొండికెత్తునని ఆయన భయము. ఇది ఎట్లు జరుగును? మెట్టసీమ రైతునకు దీనిని విడమరచి చెప్పనక్కఱలేదు. అనావృష్టి సంవత్సరమున పైరు ఎండిపోవును, తుమ్మ నిలిచియుండును. కఱవు తుమ్మను సృష్టింపలేదు. పోటీగా నున్న మొక్కలను తొలగించి దానికి చోటిచ్చినది. మందును అంతే. లొంగిన సూక్ష్మజీవులు చచ్చును. లొంగని ఏ కొన్నియో మిగిలి, ఖాళీయైన చోట వృద్ధిపొందును.

పైగా తుమ్మకు లేని శక్తి ఒకటి వీనికి కలదు. 1959లో జపానుదేశపు శాస్త్రజ్ఞులు రక్తవిరేచనముల సూక్ష్మజీవులను పరిశీలించుచు ఆశ్చర్యకరమైన సంగతిని బయటపెట్టిరి. మందులకు లొంగని గుణము ఒక జాతినుండి వేఱొక జాతికి, దస్తావేజు నకలువలె, సరాసరి చేతులు మారుచున్నది. అనగా కుక్క ప్రేగులలోని సూక్ష్మజీవి మనుష్యునియందు స్థిరపడకపోయినను తన విద్యను మనుష్యుని సూక్ష్మజీవికి నేర్పి పోగలదు. పెనిసిలినుకు లొంగని చీముకురుపుల సూక్ష్మజీవికై మిథిసిలిన్ అను కొత్త ఔషధమును ఇంగ్లండున 1959లో ప్రవేశపెట్టగా, దానికిని లొంగని రకము 1961 నాటికే కనబడినది. ఆ రకము తరువాతి దశాబ్దములలో ప్రపంచపు ఆస్పత్రులను పీడించినది.

పెంపుడు జంతువుల ప్రసక్తి ఇచ్చటనే వచ్చుచున్నది. 1988లో ఇంగ్లండునుండి ఒక విచిత్రమైన నివేదిక వెలువడినది. వృద్ధుల వార్డులో ఆ మొండి సూక్ష్మజీవి ఎంతకును తగ్గలేదు. వెదకిచూడగా వార్డులో స్వేచ్ఛగా తిరుగు పిల్లి దానిని మోయుచున్నది. 1994లో ఒక పెంపుడు కుక్కకును దానితో మెలగు మనుష్యులకును మధ్య అట్టి సంబంధమే బయటపడినది. 2003లో అమెరికానుండి ఇంకొక ఉదంతము ప్రకటితమైనది. ఒక దంపతులకు చికిత్స చేసిన కొద్దీ చర్మరోగము తిరుగబెట్టుచుండెను. తుదకు వారి కుక్క ముక్కును పరీక్షింపగా ఆ సూక్ష్మజీవియే దొరికినది. కుక్క ఆరోగ్యముగానే ఉండెను. దానికిని చికిత్స చేసిన పిమ్మటనే ఇంటివారికి శాంతి కలిగినది.

ఈ వార్తలు చదివి కుక్కను దోషిగా నిలబెట్టుట సులభము. పరిశోధకులు ఇంకను లోతునకు పోయిరి. బ్రిటనులో కుక్కలయందు దొరికిన మొండి స్టాఫిలోకాకస్ ఏ తెగదో పరీక్షింపగా, అది అధికముగా ఆ దేశపు ఆస్పత్రులలో మనుష్యులయందు వ్యాపించిన తెగయే అని తేలినది. అనగా పెక్కుసార్లు ఆస్పత్రినుండి మనుష్యుడు ఇంటికి తెచ్చినదానినే కుక్క పుచ్చుకొన్నది. మనుష్యునినుండి మరల మరల అంటకుండినచో కుక్క చాలసార్లు దానిని తానుగా వదల్చుకొనును. కుక్క గోడవంటిది, మనము విసరిన బంతియే మనవైపు తిరిగివచ్చుచున్నది.

కుక్కల కంటూ స్వంతమైన స్టాఫిలోకాకస్ ఒకటి కలదు. 2005లో దానిని ప్రత్యేకజాతిగా గుర్తించి సూడింటర్మీడియస్ అని పేరిడిరి. అది కుక్క చర్మముపై సహజముగా నివసించును. గజ్జివంటి పుండ్లకు, చెవిపోటునకు కారణమగును. ఈ పుండ్లకు ఏండ్ల తరబడి మందులు వాడుటచే దానియందును మొండిరకములు పుట్టినవి. ఐరోపాలో ఒక తెగ, ఉత్తర అమెరికాలో వేఱొక తెగ ప్రబలినట్లు 2010లో ప్రకటితమైన పరిశీలన చూపినది. ఇది మనుష్యునికి సోకుట అరుదు. అయినను సోకిన సందర్భములు లేకపోలేదు.

ప్రేగుల సంగతి ఇంకొకటి. 2016 నుండి 2018 వరకు అమెరికాలో దుకాణములందు కొన్న కుక్కపిల్లలవలన వందమందికి పైగా విరేచనములు పట్టుకొన్నవి. ఆ సూక్ష్మజీవి అనేక ఔషధములకు లొంగలేదు. చైనాలో కోలిస్టిన్ అను కడపటి ఆయుధమునకును లొంగని గుణము, సులభముగా చేతులు మారు రూపమున, 2015లో బయటపడినది. మఱుసటి సంవత్సరముననే గ్వాంగ్‌జౌ నగరపు పెంపుడుజంతువుల దుకాణములో పనిచేయు మనుష్యునియందును, అచటి కుక్కలు, పిల్లులయందును ఆ గుణమునే కనుగొనిరి.

ఇదంతయు దూరదేశముల ముచ్చటయని తలపరాదు. 1961లో ఏర్పడిన ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ సంస్థ కర్మాగారము హైదరాబాదున నెలకొన్న పిమ్మట ఆ నగరము ఔషధోత్పత్తికి ప్రపంచప్రసిద్ధమైనది. మన కీర్తికి అది కారణము. మన పరీక్షకును అదియే కారణము. 2007లో స్వీడనుదేశపు పరిశోధకులు పటాన్‌చెరునందలి సామూహిక శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించిరి. లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ దానియందు కనబడినది. మందు మ్రింగిన రోగి రక్తమున నుండు పరిమాణముకంటె అది హెచ్చు. దిగువనున్న ఇసకవాగు బురదలో మొండిగుణము దండిగా పేరుకొన్నట్లు తరువాతి పరిశీలనలు చెప్పినవి. వాగునీరు త్రాగు పశువునకు, కుక్కకు, పక్షికి కంచె యెక్కడిది?

ప్రభుత్వము చూచుచు ఊరకుండలేదు. వైద్యుని చీటీ లేనిదే ముఖ్యమైన కొన్ని మందులు అమ్మరాదని, అమ్మిన లెక్క వ్రాయవలెనని 2014లో నియమము అమలునకు వచ్చినది. 2016లో మందు అట్టలపై ఎఱ్ఱగీత అర్థమును ప్రజలకు తెలుపు ప్రచారము మొదలైనది. 2017లో జాతీయ కార్యాచరణప్రణాళిక వెలువడినది. 2019లో పశువులకు, కోళ్ళకు, చేపలు, రొయ్యల పెంపకమునకు, మేతకు కోలిస్టిన్ వాడకూడదని నిషేధించిరి. ఆ నిషేధమున పెంపుడు కుక్క ప్రసక్తి లేదు. ఇంటిలోని కుక్కకు ఏ మందు ఎట్లు పడవలెనో నిర్ణయించు బాధ్యత పశువైద్యునిపైనను, యజమానిపైనను మిగిలినది.

ఆ బాధ్యత స్వల్పమైనది కాదు. కుక్కకు వాడు మందులు వేఱు, మనకు వాడు మందులు వేఱు అని పలువురి అభిప్రాయము. అది సరికాదు. అమాక్సిసిలిన్, సెఫాలెక్సిన్, డాక్సీసైక్లిన్ ఇద్దరికిని ఒక్కటే. పశువులకై ప్రత్యేకముగా తయారైన ఎన్రోఫ్లాక్సాసిన్ కుక్క శరీరములో ప్రవేశించి కొంతభాగము సిప్రోఫ్లాక్సాసినుగా మారును. కావున కుక్క చర్మముపై చెడిన మందు మన గాయమునకును చెడినట్లే.

మర్రిపాడువంటి ఊరిలోని ఒక కాపరియింటిని ఊహింతము. పిల్లవానికి కాలిపై పుండు, మందుబిళ్ళలు తెచ్చిరి. రెండు దినములకు నొప్పి తగ్గగా మిగిలినవి చూరులో దోపిరి. మఱునెల కుక్కకు పుండు లేవగా ఆ బిళ్ళలనే సంగటిలో పెట్టిరి. ఇందు దురాశ లేదు. ఉన్నది పొదుపు, ప్రేమ. అయినను పిల్లవానియందు సగము, కుక్కయందు సగము చచ్చి, లొంగనివి మాత్రము ఆ వాకిట మిగులును. ఆ పిల్లవాడే ఎన్నడో పెద్దగాయమై ఆత్మకూరో, నెల్లూరో ఆస్పత్రికి పోయినప్పుడు మొదటి మందు పనిచేయకపోవచ్చును. 2019వ సంవత్సరమున ఔషధములకు లొంగని బాక్టీరియావలననే నేరుగా 12.7 లక్షలమంది ప్రపంచమున మరణించిరని నిపుణుల అంచనా. ఆ లెక్క ఇట్టి వాకిళ్ళ మొత్తమే.

అట్లని కుక్కను వెళ్ళగొట్టనక్కఱలేదు. చరిత్ర చెప్పునది అది కాదు. మిగిలిన బిళ్ళలను మనిషికి గాని కుక్కకు గాని వాడరాదు. కుక్క పుండునకు పశువైద్యుని చూపి, అది మానక తిరుగబెట్టినచో చీమును పరీక్షింపుమని కోరవలెను. దానిని తాకిన చేతులు సబ్బుతో కడుగుకొని భోజనమునకు కూర్చుండవలెను. మన పుండ్లను నాకనీయరాదు. దాని గిన్నె వేఱుగా ఉంచవలెను. ఇంట ఎవరికైనను కురుపులు మాటిమాటికి లేచుచున్నచో కుక్క యున్న సంగతి వైద్యునికి చెప్పవలెను. పిచ్చికుక్క రోగపు టీకా ఏటేట వేయింపవలెనన్నది సరేసరి.

భీమవరమున పుట్టిన ఒక తెలుగువాడు దూరదేశమున శ్రమించి లోకమునకు అందించిన ఔషధసంపదలో మనకందఱకును పాలు కలదు. అది ఊటబావివంటిది కాదు, తోడినకొలది ఊరుటకు. చెఱువువంటిది, పొదుపుగా పారించుకొన్నవారికే అక్కఱకు వచ్చును. ఆ చెఱువు క్రింద ఆయకట్టుదారులు మనుష్యులు మాత్రమే కారు. వాకిట పడుకొన్న కుక్కయును వారిలో ఒకటి.