పంక్తి తొలగింపు (స్క్రిప్టింగ్ భాషలు)

అనేక పంక్తులున్న పాఠ్యంలో, ఇచ్చిన నమూనాకు సరిపోలే పంక్తిని మాత్రమే తీసివేసి, మిగిలినవాటిని యథాతథంగా ఉంచడాన్ని పంక్తి తొలగింపు అంటారు. సెడ్, ఆక్, పెర్ల్, పైథాన్ వంటి స్క్రిప్టింగ్ భాషలలో ఇది తరచుగా అవసరమయ్యే ప్రక్రియ.

పద్ధతులు

1970వ దశకంలో బెల్ ల్యాబ్స్‌లో రూపొందిన సెడ్, పాఠ్యాన్ని ఒక్కొక్క పంక్తిగా చదువుతుంది. కనుక నమూనా ఇచ్చి తొలగింపు ఆదేశం జోడిస్తే సరిపోతుంది. పెర్ల్ (1987), పైథాన్ (1991) భాషలలో పాఠ్యమంతటినీ ఒకే స్ట్రింగ్‌గా ఉంచుకోవచ్చు. అప్పుడు ^ గుర్తు పాఠ్యం మొదలును, $ గుర్తు పాఠ్యం చివరను సూచిస్తాయి. ఇవి ప్రతి పంక్తికీ వర్తించాలంటే మల్టీలైన్ అనే ఐచ్ఛికాన్ని చేర్చాలి.

ఉదాహరణ

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు శ్రీకాకుళం జిల్లాలో 38 మండలాలుండేవి. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలోనూ, రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరం జిల్లాలోనూ చేరాయి. పలాస, టెక్కలితో సహా 30 మండలాలు మిగిలాయి. పంక్తికొక పేరు చొప్పున ఉన్న పాత జాబితానుండి ఈ 8 పంక్తులను తొలగించాలి.

"ఆమదాలవలస" అని మాత్రమే నమూనా ఇస్తే, శ్రీకాకుళంలోనే ఉన్న ఆమదాలవలస కూడా పోతుంది. సంతకవిటికి బదులు "కవిటి" అని ఇస్తే, ఉద్దానంలోని కవిటి కూడా పోతుంది. ప్రోగ్రాము ఎటువంటి దోషాన్నీ చూపదు. మూత్రపిండాల వ్యాధి తీవ్రంగా ఉన్న ఉద్దానానికి సంబంధించిన జాబితాలో ఇటువంటి పొరపాటు జరిగితే ఒక మండలమే లెక్కలోనికి రాదు.

జాగ్రత్తలు

* నమూనా పంక్తి మొత్తానికి సరిపోలాలి. ^కవిటి$ అనే నమూనా సంతకవిటిని తాకదు.
* స్ట్రింగ్‌నుండి పేరుతోపాటు పంక్తి ముగింపు గుర్తును కూడా తీసివేయాలి. లేనిచో ఖాళీ పంక్తి మిగులుతుంది.
* విండోస్‌లో తయారైన ఫైలులో పంక్తి చివర అదనపు అక్షరం ఉంటుంది. దానివలన సెడ్‌లో $ గుర్తుతో ముగిసే నమూనా సరిపోలకపోవచ్చు.
* పైథాన్ ప్రామాణిక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాడ్యూలు గుణింతపు గుర్తులను పదంలోని అక్షరాలుగా గణించదు. కనుక పదపు సరిహద్దు గుర్తును "కవిటి"కి రెండువైపులా చేర్చితే కవిటి పంక్తి కూడా దొరకదు.
* తొలగింపుకు ముందు, తరువాత పంక్తులను లెక్కించాలి. పై ఉదాహరణలో 38నుండి 8 పోగా 30 మిగలాలి. 28 లేదా 29 మిగిలితే నమూనా అవసరానికి మించి సరిపోలినట్లు.