పెరటిలో పసుపు పిట్టలు: సూరత్‌లో గుర్తించడం ఎలా?

సూరత్: తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్ నగరంలో వేప, రావి, మామిడి చెట్లున్న పెరళ్లకు పసుపు వన్నె పక్షులు తరచుగా వస్తుంటాయి. లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలకు వీటిలో చాలావరకు సొంత ఊళ్లలో చూసినవే. అయితే రంగు ఒక్కటే చూస్తే పొరపాటు పడవచ్చు. పరిమాణం, ముక్కు, సంచరించే చోటు కూడా గమనించాలి.

గోరువంక అంత పరిమాణంతో, నిండు పసుపు దేహం, నల్లని రెక్కలు, కంటి మీదుగా నల్లని చార ఉంటే అది వంగపండు. ఇది కొమ్మల గుబురులోనే ఉంటుంది. వేణువు వంటి కూతను బట్టి దీని జాడ తెలుస్తుంది. తల అంతా నల్లగా ఉంటే అది వేరే జాతి.

పిచ్చుక కంటే చిన్నదిగా, నల్లని రెక్కలపై రెండు తెల్లని గీతలతో ఆకుల్లో పురుగులను వెతికేది పచ్చజిట్ట. కంటి చుట్టూ తెల్లని వలయంతో గుంపులుగా తిరిగే బుల్లి పిట్ట తెల్లకన్ను పిట్ట. సన్నని వంపు ముక్కుతో మందార పూలపై వాలేది తేనెపిట్ట. ఊదా తేనెపిట్టల్లో మగది సంతానోత్పత్తి కాలంలో ముదురు ఊదా రంగులో మెరుస్తుంది; ఆడదానికి పొట్ట పసుపుగా ఉంటుంది.

గిజిగాడి విషయంలో కాలాన్ని గమనించాలి. వానాకాలంలో గూడు అల్లే మగ పక్షికి మాత్రమే తల, రొమ్ము పసుపుగా మారతాయి. ఆ తరువాత అది ఆడ పిచ్చుకను పోలి ఉంటుంది. శీతాకాలంలో నది ఒడ్డున తోక ఆడిస్తూ నేలపై నడిచే పసుపు పిట్ట వలస పక్షి. చిన్న చిలుకలా వంకర ముక్కు ఉంటే అది పంజరం నుంచి తప్పించుకున్న ఆస్ట్రేలియా జాతి పెంపుడు పక్షి కావచ్చు. గిజిగాడి వంటి స్వదేశీ అడవి పక్షులను పట్టడం, పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

జనవరి 14న ఉత్తరాయణ్ పండుగ వేళ గాలిపటాల మాంజా పక్షులకు ప్రాణాంతకమవుతుంది. ఉదయం, సాయంత్రం పక్షులు ఎక్కువగా ఎగిరే సమయాల్లో గాలిపటాలు ఎగురవేయకపోవడం మేలు. రెక్కకు దారం చుట్టుకుంటే లాగకూడదు. వేలాడే కొసలను మాత్రమే కత్తిరించాలి. గాయపడిన పక్షిని గాలి ఆడే రంధ్రాలున్న అట్టపెట్టెలో, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచాలి. బలవంతంగా నీరు పోయకూడదు. గుజరాత్‌లో 1962 నంబరుకు ఫోన్ చేస్తే సహాయం అందుతుంది.