అడ్డపొగ: తీరాంధ్రపు అలవాటు, అంగిలి వ్యాధి

ఉత్తరాంధ్ర సముద్రతీరమున చుట్టను తిప్పి కాల్చు అలవాటు తరతరములుగా నున్నది. మండుచున్న కొనను నోటిలో నుంచుకొని పొగ త్రాగుటకు మనవారు పెట్టిన పేరు అడ్డపొగ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడి గంజాము జిల్లాలో అధికభాగ మందు చేరినది. సరిహద్దు మారినను చుట్ట మారలేదు. కావున నిది శ్రీకాకుళమువారి చరిత్ర మాత్రమే కాదు. బరంపురమున స్థిరపడిన మనదియు.

ఈ అలవాటు పురుషులకంటె స్త్రీలలో మిక్కుటము. గాలికి నిప్పారదనియు, బూడిద చంకబిడ్డపై రాలదనియు, చుట్ట చాలసేపు వచ్చుననియు చెప్పుదురు. నా మట్టుకు, తల్లిని చూచి కూతురు నేర్చుటయే అసలు కారణమని తోచుచున్నది. మా అమ్మమ్మ బియ్యము చెరుగుచు చుట్టను నోటనే యుంచుకొనెడిది. పిల్లలమైన మాకది గారడీవలె నుండెడిది.

వైద్యులకు మాత్ర మిది గారడీ కాలేదు. ఇతర ప్రాంతములలో నోటి కేన్సరు బుగ్గకో నాలుకకో వచ్చుచుండగా, ఇచ్చట అంగిలికి వచ్చుట వారికి వింతయైనది. 1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు గారలు తీరాంధ్రమునందలి అంగిలి కేన్సరునకు తిప్పి కాల్చిన చుట్టయే కారణమని ప్రకటించిరి. పిమ్మట డెన్మార్కు పండితుడు పింద్‌బోర్గ్, బొంబాయికి చెందిన ఫాలీ మెహతా ప్రభృతులు శ్రీకాకుళము జిల్లాలో ఇల్లిల్లు తిరిగి 10,169 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించి, 1971లో ఫలితములు వెల్లడించిరి. పదిమందిలో నలుగురికి పైగా అడ్డపొగ త్రాగువారే! తెల్లబారి గట్టిపడిన అంగిలి, దానిపై ఎఱ్ఱని చుక్కలు, పుండ్లు. ఇవి కేన్సరునకు ముందే కంటికి కనబడు గుర్తులు. దీపముపట్టి చూచిన చాలును.

చూచువారే కరవైరి. మా అమ్మమ్మ నోరు మండుచున్నదని పోగా, ఒక వైద్యశాలలో పన్ను తీసి పంపిరి. అంగిలి నెవరును చూడలేదు. పంటి వైద్య మొకచోట, కేన్సరు వైద్య మొకచోట, పొగాకు ప్రచార మింకొకచోట నుండుటయే దీనికి మూలము. జాతీయ కేన్సరు నియంత్రణ కార్యక్రమము 1975లో ఆరంభమైనను, ముప్పదేండ్లు దాటినవారి నోటిని ఐదేండ్ల కొకసారి గ్రామస్థాయిలోనే పరీక్షింపవలెనను మార్గదర్శకములు 2016లో గాని రాలేదు. అంతకు పూర్వమే తిరువనంతపురము జిల్లాలో జరిగిన ప్రయోగము, కేవలము కంటితో చూచు పరీక్షవలననే, పొగాకు మద్యములు సేవించువారిలో నోటి కేన్సరు మరణములు సుమారు మూడవవంతు తగ్గినట్లు 2005లో చూపినది.

ఇక ఒరిస్సా తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. ఆరోగ్య కార్యకర్త ఒరియాలో "పొగ త్రాగుదువా?" యని యడిగిన, మన ముసలమ్మ సిగరెట్టు సంగతి యనుకొని లేదనును. "చుట్ట ఏ కొన నోట పెట్టుదువు?" అని తెలుగున నడిగిననే నిజము తెలియును. ఆ ప్రశ్నను, అడ్డపొగ యను మాటను పరీక్షాపత్రములలో చేర్పుడని మన సంఘము ఆరోగ్యశాఖను కోరవలెను. గత సంవత్సరము ఎనిమిదవ తరగతిలో ఈ మాట బోర్డుపై వ్రాసి, ఎరుగుదురా యని యడిగితిని. అర్థము చెప్పలేకపోయిరి. చుట్టను తిప్పి చూపగానే కొందరు పిల్లలు, "మా నాయనమ్మ!" అని చేతులెత్తిరి.