లడ్డూ ఊళ్లో నానో పాఠం

బాలాపూర్ అనగానే మీకు గుర్తొచ్చేది లడ్డూయే కదా? 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ వేలం ఇప్పుడు లక్షల్లో నడుస్తోంది. మా బడంగ్‌పేట్ పక్కనే ఆ ఊరు. అక్కడే ఆర్‌సీఐ రోడ్డులో ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ ఉంది. లోహాల పొడులు, కొత్త రకం పదార్థాలు దాని పని. 1997 నుంచి కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ కింద స్వయంప్రతిపత్తి సంస్థగా నడుస్తోంది. నానో పదార్థాల కోసం అందులో ప్రత్యేకంగా ఒక కేంద్రమే ఉంది.

నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు. అంత చిన్నదాంతో పనిచేసే మనిషి ఎలా తయారవుతాడు? దీనికి ముందు జపాన్ వెళ్లాలి.

1967లో అకిరా ఫుజిషిమా అనే కుర్రాడు టోక్యో యూనివర్సిటీలో కెనిచి హోండా దగ్గర రీసెర్చ్ చేస్తున్నాడు. టైటానియం డయాక్సైడ్‌ను నీళ్లలో పెట్టి లైట్ వేశాడు. బుడగలొచ్చాయి! వెలుగు తగిలి నీరు విడిపోయి, ఆక్సిజన్ బయటికొస్తోంది. మొదట్లో చాలామంది నమ్మలేదు. ఇదేమీ పేరున్న ప్రొఫెసర్ కనిపెట్టింది కాదు, ఒక స్టూడెంట్. గురుశిష్యులిద్దరి పేర్లతో 1972లో నేచర్ పత్రికలో వచ్చాక ప్రపంచం చూసింది.

తర్వాత ఫుజిషిమా తనే గురువయ్యారు. ఆయన దగ్గర పనిచేసినవాళ్లలో మన తాతా నరసింగరావు గారు ఒకరు. 2000లో ఇదే టైటానియం డయాక్సైడ్ మీద ఫుజిషిమాతో కలిసి ఆయన రాసిన సమీక్షా వ్యాసాన్ని ఈ రంగంలో చదవనివాళ్లు అరుదు. అక్కడ నేర్చుకున్న విద్యతో ఆయన బాలాపూర్ వచ్చి, ఏఆర్‌సీఐలో నానో పదార్థాల కేంద్రాన్ని నడిపారు. ఎండ తగిలితే మరక దానంతటదే పోయే బట్టల మీద అక్కడ పనిచేశారు. ఫిల్టర్ క్యాండిల్‌కి నానో వెండి పూసి, నీళ్లలో బ్యాక్టీరియాను చంపే పద్ధతి కూడా ఆ సంస్థదే. బోరు నీళ్లు తాగి పెరిగిన నాకు ఇదే పెద్ద విషయం.

ఇక మన చదువుల సంగతి. 2007లో కేంద్రం వెయ్యి కోట్లతో నానో మిషన్ పెట్టింది. ఎమ్మెస్సీ, ఎంటెక్ కోర్సులకూ అందులో డబ్బిచ్చారు. కూకట్‌పల్లి జేఎన్‌టీయూలోనూ నానోటెక్నాలజీలో ఎంటెక్ ఉంది. మంచిదే. కాకపోతే, నన్నడిగితే, సర్టిఫికెట్ మీద నానో అని ఉంటే సరిపోదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ముందు కూర్చుని, శాంపిల్ పాడుచేసి, పక్కనున్న సీనియర్‌తో తిట్లు తిని మళ్లీ చేస్తేనే ఆ విద్య వస్తుంది. ఫుజిషిమాకు హోండా దొరికినట్టు మనకూ ఒకరు దొరకాలి.

మన చుట్టూ ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. పొద్దున్నే బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు పోయే పిల్లల్లో ఎంతమందికి ఈ గేటు తెలుసు? ఏఆర్‌సీఐలో స్టూడెంట్లను ప్రాజెక్ట్ వర్క్‌కి తీసుకుంటారు, పీహెచ్‌డీ కూడా చేయొచ్చు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ అమీర్‌పేటలో కొనే ముందు ఒకసారి వాళ్ల వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్లు చూడండి.

ఆ రోడ్డుకి పేరిచ్చిన ఆర్‌సీఐ ఉంది కదా, మిసైళ్ల సంస్థ, దాని కథ వచ్చే ఎపిసోడ్‌లో.