ఋతుచర్య

ఋతువు మారినప్పుడు తిండి, నిద్ర, శ్రమ, స్నానం ఎలా మారాలో చెప్పే ఆయుర్వేద విధానం ఋతుచర్య. ఆరోగ్యవంతుడు ఆరోగ్యంగానే ఉండేలా చూడటం దీని లక్ష్యం కనుక ఆరోగ్య పరిరక్షణ నియమాలను చెప్పే స్వస్థవృత్తంలో భాగంగా దీన్ని బోధిస్తారు.

ఏడాదిని ఆరు ఋతువులుగా లెక్కించడం వైదిక కాలం నుంచీ ఉంది. తైత్తిరీయ సంహితలో మధు, మాధవ మాసాలు వసంతమని మొదలై, రెండేసి నెలల చొప్పున ఆరు ఋతువులూ వరుసగా వస్తాయి. ఆ కాలగణనకు శరీరాన్ని ముడిపెట్టి చూసింది వైద్యులు. చరక సంహిత సూత్రస్థానం 6వ అధ్యాయమంతా ఈ విషయానికే కేటాయించారు. దాని ప్రకారం ఉత్తరాయణం ఆదాన కాలం: సూర్యుడు లోకంలోని తేమనూ, దేహబలాన్నీ తీసుకుంటాడు. దక్షిణాయనం విసర్గ కాలం: తీసుకున్న బలం క్రమంగా తిరిగివస్తుంది. గ్రీష్మ, వర్షాలలో మనిషి బలహీనుడు. హేమంత, శిశిరాలలో బలవంతుడు.

చలికాలంలో ఒంట్లోని వేడి బయటికి పోక లోపలే నిలిచి జఠరాగ్ని (జీర్ణశక్తి) పెరుగుతుందని, తగినంత ఆహారం అందకపోతే అది దేహంలోని ధాతువులనే (కణజాలాలనే) హరిస్తుందని చరకుడి వాదం. నెయ్యి, పాలు, బెల్లం, కొత్త బియ్యం వంటి బరువైన పదార్థాలను హేమంతంలో తినమనడం అందుకే. వానాకాలంలో అగ్ని మందగిస్తుంది కనుక పాత ధాన్యం, కాచి చల్లార్చిన నీళ్లు వాడాలి. ఏటి నీళ్లు తాగకూడదు. పగటి నిద్రకు అనుమతి ఒక్క గ్రీష్మంలోనే.

ఈ నియమాల వెనుక వాత, పిత్త, కఫాలనే మూడు దోషాల లెక్క ఉంది. చలికాలంలో పేరుకున్న కఫం వసంతంలో, గ్రీష్మంలో పేరుకున్న వాతం వర్షంలో, వర్షంలో పేరుకున్న పిత్తం శరత్తులో ప్రకోపిస్తాయి. అందువల్లే దోషాన్ని బయటికి పంపే శోధన చికిత్సలుగా వసంతంలో వమనం (వాంతి చేయించడం), వర్షంలో వస్తి (మలద్వారం గుండా మందు ఎక్కించడం), శరత్తులో విరేచనం (భేది చేయించడం).

అయితే సంహితల్లో ఋతువుల పట్టిక ఒక్కటి కాదు. సుశ్రుత సంహిత రెండు పట్టికలిస్తుంది. ఒకటి మాఘంలో శిశిరంతో మొదలయ్యే పరిచితమైన వరుస. రెండో దానిలో శిశిరం ఉండదు. ఆషాఢ, శ్రావణాలకు ప్రావృట్ అనే ఋతువు వచ్చి, మిగిలిన ఋతువుల నెలలు పక్కకు జరుగుతాయి. చరకుడు కూడా శోధన చికిత్సల సందర్భంలో ప్రావృట్టునే లెక్కలోకి తీసుకున్నాడు. గంగకు దక్షిణాన వానలెక్కువ కనుక అక్కడ వానకు రెండు ఋతువులు, ఉత్తరాన హిమం వల్ల చలికి రెండు ఋతువులు అని కాశ్యపుడి పేరిట ఒక వివరణ ఉంది. ఋతుచర్యలో ఎంతో విలువైన విషయమిది. పంచాంగంలోని నెల పేరుకన్నా మనిషి ఉన్న చోటి ఎండ, వాన, చలే ప్రమాణమని దీనివల్ల తేలుతుంది.

వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఈ విషయాన్ని క్లుప్తంగా, కంఠస్థం చేయడానికి వీలుగా కూర్చాడు. వెళ్లే ఋతువులో చివరి 7 రోజులు, వచ్చే ఋతువులో తొలి 7 రోజులు కలిపి ఋతుసంధి. ఆ రోజుల్లో పాత అలవాటును కొద్దికొద్దిగా వదులుతూ కొత్తదాన్ని కొద్దికొద్దిగా పట్టాలి. ఒక్కసారిగా మారితే జబ్బులొస్తాయి. తరవాతి కాలపు శార్ఙ్గధర సంహిత కార్తీకం చివరి 8 రోజులు, మార్గశిరం తొలి 8 రోజులను యమదంష్ట్ర (యముడి కోర) అని హెచ్చరించి, మితంగా తినేవాడే క్షేమంగా ఉంటాడంది. 16వ శతాబ్దపు భావప్రకాశంలో భావమిశ్రుడు కరక్కాయను వర్షంలో సైంధవ లవణంతో, శరత్తులో చక్కెరతో, హేమంతంలో శొంఠితో, శిశిరంలో పిప్పళ్లతో, వసంతంలో తేనెతో, గ్రీష్మంలో బెల్లంతో తీసుకోమన్నాడు.

ఆచరణలో ఋతుచర్య ఈనాటికీ బలంగా నిలిచింది కేరళలో. కర్కాటక మాసపు జడివానల్లో అక్కడ మూలికల గంజి తాగుతారు, తైల చికిత్సలు చేయించుకుంటారు. తెలుగునాట రైతు లెక్క కార్తెలది, అంటే సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలానిది. జూన్‌లో మృగశిర కార్తె ప్రవేశించిన రోజున తెలంగాణలో చేపలు తినడం, కొన్నిచోట్ల బెల్లంలో ఇంగువ కలిపి తినడం ఆనవాయితీ. చల్లబడే కాలంలో ఒంటికి వేడినిస్తాయని నమ్మకం. సంహితల్లో ఈ కార్తె ఆచారం లేకపోయినా, కాలానికి తగ్గ తిండి అన్న ఆలోచన అదే.

ఆయుర్వేద పట్టభద్ర కోర్సులో ఋతుచర్య నేడు పాఠ్యాంశం. ఆహార నియమాలను ఇంట్లో పాటించవచ్చు కానీ, వమన విరేచనాది శోధనలు వైద్యుడి పర్యవేక్షణలోనే జరగాలి; గర్భిణులకు, వృద్ధులకు, బాగా నీరసించినవారికి సంహితలే వాటిని చాలావరకు నిషేధించాయి.